మంచి ఇంటి సవతి పిల్లలు: నేరకథల దారిలో స్టాక్‌హోమ్ నుంచి స్ప్రోగో దాకా

సోమవారం, హుస్బీ

నవంబర్‌లో స్వీడన్ వెళ్తున్నానంటే మావాళ్ళంతా వద్దన్నారు. మధ్యాహ్నం మూడున్నరకల్లా పొద్దుగూకుతుంది, ఏం చూస్తావన్నారు. నాకు ఆ పొద్దుగూకడమే కావాలి. ఏళ్ళ తరబడి నేను వదలకుండా చదువుతున్న స్వీడన్, డెన్మార్క్ నేరకథల్లో చాలావాటికి వెలుతురు ఇదే.

బస మా పిన్ని కొడుకు ఇంట్లో. వాడికి స్టాక్‌హోమ్ శివారు కిస్తాలో టెలికాం ఉద్యోగం, ఇల్లు పక్క స్టేషన్ హుస్బీలో. మెట్రో దిగి పైకొస్తే ఎటు చూసినా ఒకే తీరు అపార్ట్‌మెంట్లు. పేరు పెట్టి చెప్పాలంటే ఇవి "మిలియన్ ప్రోగ్రామ్" ఇళ్ళు. 1965 నుంచి 1974 దాకా పదేళ్ళలో స్వీడన్‌లో పది లక్షల ఇళ్ళు కట్టారు. 1965లో ఆ దేశ జనాభా 80 లక్షలు కూడా లేదు. అంత పెద్ద మాట ఇచ్చి నిలబెట్టుకున్న ప్రభుత్వాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

ఆ మాట వెనక ఇంకా పాత మాట ఒకటుంది. 1928లో సోషల్ డెమోక్రాట్ నాయకుడు పెర్ ఆల్బిన్ హాన్సన్ పార్లమెంటులో మాట్లాడుతూ, దేశం ఒక మంచి ఇల్లులా ఉండాలన్నాడు. మంచి ఇంట్లో గారాల బిడ్డలూ ఉండరు, సవతి పిల్లలూ ఉండరన్నాడు. తర్వాత ఆయనే ప్రధాని అయ్యాడు. స్వీడన్ సంక్షేమ రాజ్యం ఆ మాట మీదే లేచింది. నాకు నచ్చిన నేరకథలన్నీ చేసే పని ఒకటే. ఆ మంచి ఇంట్లో సవతి పిల్లలు ఎవరో వెతికి పట్టుకుంటాయి. హంతకుడు దొరకడం నా దృష్టిలో రెండో సంగతి.

1965 జనవరి 1న స్వీడన్‌లో ఊళ్ళ చేతుల్లో ఉన్న పోలీసు శాఖ కేంద్రం చేతికి వెళ్ళింది. అదే ఏడు ఇళ్ళ కార్యక్రమం మొదలైంది. అదే ఏడు మై షోవాల్, పెర్ వాలో అనే జంట, మార్టిన్ బెక్ అనే పోలీసు డిటెక్టివ్ మీద రాసిన తొలి నవల వచ్చింది. కాలవలో పూడిక తీస్తుంటే ఒక అమ్మాయి శవం బయటపడుతుంది. ఆమె ఎవరో తెలియడానికే నెలలు పడుతుంది. బెక్‌కి జలుబు, కడుపునొప్పి, ఇంట్లో మాటల్లేని కాపురం. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ని చదువుతూ పెరిగిన నాకు, డిటెక్టివ్ అంటే ఇలా కూడా ఉండొచ్చని మొదటిసారి తెలిసింది అక్కడే.

షోవాల్, వాలో ఇద్దరూ జర్నలిస్టులు, ఇద్దరూ వామపక్షం. రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని, ఒక అధ్యాయం ఒకరు, తర్వాతది ఇంకొకరు రాసేవారు. నవలకి 30 అధ్యాయాల చొప్పున 1975 దాకా పది నవలలు. పదింటికీ కలిపి ఉపశీర్షిక ఒకటే: "ఒక నేరం కథ". మొదటి రెండు మూడు నవలల్లో అది ఏ నేరమో తెలియదు. చివరికొచ్చేసరికి ముద్దాయి స్థానంలో సంక్షేమ రాజ్యమే నిలబడి ఉంటుంది.

రాత్రి పప్పుచారు అన్నం తింటూ తమ్ముడితో ఇదంతా చెబుతుంటే వాడు తల అడ్డంగా ఊపాడు. "అక్కా, ఇక్కడ స్కూలు బాగుంటుంది, ఆస్పత్రి బాగుంటుంది, మనిషికి మర్యాద ఉంటుంది. మనూళ్ళో ఇవన్నీ ఉన్నాయా?" లేవు. "కానీ వదినా, రాత్రి పది దాటాక సెంటర్ వైపు మాత్రం వెళ్ళకండి" అంది మరదలు. ఈ హుస్బీలోనే 2013 మే నెలలో ఒక పెద్దాయన్ని పోలీసులు కాల్చి చంపాక రోజుల తరబడి కార్లు తగలబడ్డాయి. 2022లో దేశం మొత్తమ్మీద తుపాకి కాల్పుల్లో 62 మంది పోయారు. తమ్ముడు చెప్పిందీ నిజమే, మరదలు చెప్పిందీ నిజమే. ఆ నవలలు రెండు నిజాలనీ వదలవు.

మంగళవారం, స్వేవేగెన్

స్టాక్‌హోమ్ నడిబొడ్డున స్వేవేగెన్ అనే పెద్ద రోడ్డు. ఒక మలుపు దగ్గర ఫుట్‌పాత్‌లో ఒక లోహపు ఫలకం బిగించి ఉంది. ఇక్కడే స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పామే 1986 ఫిబ్రవరి 28న హత్యకు గురయ్యాడని రాసుంది, అంతే. విగ్రహం లేదు, కంచె లేదు. ఆఫీసుకెళ్ళేవాళ్ళు దాన్ని తొక్కకుండా ఒక అడుగు పక్కకేసి వెళ్ళిపోతున్నారు.

ఆ రాత్రి పామే, భార్య లిస్బెట్ ఇదే రోడ్డులో ఉన్న గ్రాండ్ థియేటర్లో సినిమా చూసి నడుచుకుంటూ ఇంటికి వెళ్తున్నారు. వెంట గన్‌మెన్ లేరు. ప్రధాని మామూలు మనిషిలా రెండో ఆట చూసి నడిచి వెళ్ళగలగడమే ఆ దేశానికి గర్వం. రాత్రి 11.21కి వెనకనుంచి కాల్చారు. కాల్చినవాడు పక్కనున్న టున్నెల్‌గాటన్ సందులోకి పరుగెత్తి, చివర మెట్లెక్కి మాయమయ్యాడు. నేనూ ఆ మెట్లు ఎక్కాను. పక్కనే కొండ కింద నుంచి 1886లో తవ్విన నడక సొరంగం నోరు తెరుచుకుని ఉంటుంది. మెట్లు పొడుగ్గా, నిటారుగా ఉన్నాయి. సగంలోనే ఆయాసం వచ్చింది. పైకి చేరి వెనక్కి చూస్తే సందంతా కనిపిస్తుంది. ఇంత విశాలంగా కనిపించే చోటునుంచి ఒక మనిషి తప్పించుకున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు.

1989లో ఒకడికి కింది కోర్టు శిక్ష వేసింది, పై కోర్టు అదే ఏడు కొట్టేసింది. 2020లో ప్రాసిక్యూటర్ 2000లోనే చనిపోయిన ఒకతని పేరు చెప్పి కేసు మూసేశాడు. కోర్టులో తేలింది మాత్రం ఏమీ లేదు. తర్వాత వచ్చిన స్వీడిష్ నేరకథల్లో పోలీసు మీద, గూఢచారి శాఖ మీద కనిపించే ఆ గాఢమైన అపనమ్మకానికి వేళ్ళు ఈ మెట్ల దగ్గర ఉన్నాయని నేననుకుంటాను.

మార్టిన్ బెక్ చివరి నవల చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి. 1975లో, అంటే పామే హత్యకి 11 ఏళ్ళ ముందు, షోవాల్, వాలో ఆ నవలలో స్వీడన్ ప్రధానిని కాల్పించేశారు. కాల్చింది ఏ విదేశీ ముఠా కాదు, రెబెకా అనే పద్ధెనిమిదేళ్ళ తల్లి. అప్పు ఇస్తారనుకుని బ్యాంకుకి వెళ్తే, దొంగతనానికి వచ్చిందని అరెస్టు చేసిన పిల్ల. ఆఫీసుల చుట్టూ తిరిగి, ఎవరూ వినక, అన్నిటికీ పెద్ద ఎవరో అతన్నే కాల్చింది. అది భవిష్యవాణి అని చాలామంది అంటారు. నాకు అది పట్టదు. ఆ అమ్మాయి కోర్టులో నిలబడితే కేసు కాగితాలు తప్ప మనిషి ఎవరికీ కనిపించదు చూడండి, అదీ నన్ను నిద్రపోనివ్వంది. ఆ నవల అచ్చవుతున్న ఏడే పెర్ వాలో చనిపోయాడు. మై షోవాల్ 2020 దాకా బతికింది.

సాయంత్రం ఓడెన్‌ప్లాన్ దాకా నడిచాను. 1971 నాటి బెక్ నవలలో ఒక మాజీ పోలీసు ఈ చుట్టుపక్కల మేడ మీదికెక్కి కింద కనబడ్డ పోలీసులనల్లా కాలుస్తాడు. అతని భార్యకి షుగర్. వీధిలో పడిపోతే తాగి ఉందనుకుని లాకప్‌లో పడేశారు, సూది మందు అందక అక్కడే పోయింది. ఫిర్యాదులు పెట్టాడు, ఏదీ ముందుకు కదల్లేదు. అతన్ని చదువుతున్నంతసేపూ మన జాలి ఎటువైపు ఉండాలో తేల్చుకోలేం. రచయితలు కూడా తేల్చి చెప్పరు.

బుధవారం, సోడర్మాల్మ్

స్టీగ్ లార్సన్ పాఠకులంతా చేసే పనే నేనూ చేశాను. బెల్‌మాన్స్‌గాటన్ 1లో అతని నవలల్లోని జర్నలిస్టు బ్లూమ్‌క్విస్ట్ ఇల్లు, ఫిస్కార్‌గాటన్ 9లో నాయిక లిస్బెత్ సలాండర్ ఇల్లు. ఊరు గుట్ట మీద ఉంటుంది, కింద నీళ్ళు, అవతల పాత పట్నం. చూడచక్కని చోటు. ఎక్కువసేపు అక్కర్లేదు.

లార్సన్ నవలాకారుడిగా బతకలేదు. నాజీ భక్తుల ముఠాల మీద నిఘా పెట్టి రాసే "ఎక్స్‌పో" పత్రికని 1995లో మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. ప్రాణభయం ఉండేది. 2004 నవంబర్ 9న ఆఫీసు లిఫ్టు పనిచెయ్యక మెట్లెక్కి వెళ్ళి గుండెపోటుతో పోయాడు. యాభై ఏళ్ళు. మూడు నవలలూ ఆ తర్వాతే, 2005 నుంచి 2007 దాకా వచ్చాయి, కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. మొదటి దానికి స్వీడన్‌లో పేరు "స్త్రీలని ద్వేషించే మగవాళ్ళు". తొలి భాగం తెరవగానే ఒక అంకె ఉంటుంది: స్వీడన్‌లో 18 శాతం ఆడవాళ్ళని ఎప్పుడో ఒకప్పుడు ఒక మగాడు బెదిరించాడు.

సలాండర్‌ని చిన్నప్పుడే పిచ్చాసుపత్రిలో పెడతారు, పెద్దయ్యాక తన డబ్బు మీద కూడా తనకి హక్కు లేకుండా చేస్తారు. ఆమె మంచిచెడ్డలు చూడమని ప్రభుత్వం పెట్టిన సంరక్షకుడే ఆమె మీద అత్యాచారం చేస్తాడు. కాగితాల మీద అన్నీ ఆమె మేలుకే. లార్సన్ కోపం నిజమైనది, నాకు గౌరవం. కానీ ఆడవాళ్ళ మీద హింసని అసహ్యించుకుంటూనే దాన్ని అన్నేసి పేజీలు చూపించడం అవసరమా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మై షోవాల్ రాసిన పుస్తకాల్లో అంత అక్కర్లేకపోయింది.

లార్సన్‌తో 32 ఏళ్ళు కలిసి బతికిన ఎవా గాబ్రియెల్‌సన్‌కి ఆ కోట్లలో చట్టప్రకారం ఏమీ రాలేదు. వాళ్ళు పెళ్ళి చేసుకోలేదు, శత్రువుల భయం వల్లే చేసుకోలేదని ఆమె చెబుతుంది. వీలునామా చెల్లలేదు. ఆస్తి తండ్రికి, తమ్ముడికి వెళ్ళింది.

గురువారం, రైల్లో

స్టాక్‌హోమ్ నుంచి దక్షిణానికి రోజంతా ప్రయాణం. అడవి, చెరువు, ఎర్ర చెక్క ఇల్లు, మళ్ళీ అడవి. స్టేషన్ పుస్తకాల షాపులో నేరకథల గోడ ఒకటి విడిగా ఉంది, పక్క సీట్లో ఆయన చేతిలో కూడా అదే సరుకు. చీకటి పడ్డాక మాల్మోలో రైలు మారి ఈస్టాడ్ చేరాను.

శుక్రవారం, ఈస్టాడ్, షోబో

ఈస్టాడ్ సముద్రపు ఒడ్డున బొమ్మల పుస్తకంలోంచి తీసినట్టున్న ఊరు. చెక్క దూలాల మధ్య ఇటుక కట్టిన పాత ఇళ్ళు, నున్నని రాళ్ళ వీధులు. రాత్రి చర్చి గోపురం మీంచి కాపలాదారు పావుగంటకోసారి కొమ్ము ఊదుతాడు, ఊరంతా క్షేమం అని. ఇలాంటి ఊళ్ళో హెన్నింగ్ మాంకెల్ తన ఇన్‌స్పెక్టర్ వాలాండర్‌ని పెట్టి, 1991 నుంచి వరసగా శవాలు పడేశాడు. మరియాగాటన్ 10లో వాలాండర్ ఇల్లు ఒక మామూలు అపార్ట్‌మెంటు. అతను తినే ఫ్రిడోల్ఫ్స్ బేకరీలో కాఫీ తాగాను. బయట పోలండ్ వెళ్ళే ఓడలు.

మొదటి నవలలో పొలంలో ఒంటరిగా ఉండే ముసలి దంపతుల్ని చిత్రహింసలు పెట్టి చంపుతారు. ముసలావిడ చనిపోతూ "విదేశీ" అన్న ఒక్క మాట అంటుంది. ఆ మాట పత్రికలకి పొక్కుతుంది. శరణార్థుల శిబిరానికి నిప్పు పెడతారు, ఒక సోమాలియా మనిషిని ఏ సంబంధం లేకుండా కాల్చి చంపుతారు. ఆఫ్రికాలో ఉండి స్వీడన్‌కి తిరిగొచ్చిన మాంకెల్, తన దేశంలో జాత్యహంకారం పెరగడం చూసి ఈ నవల మొదలుపెట్టాడు. వాలాండర్ అన్న పేరు టెలిఫోన్ డైరెక్టరీలో దొరికింది.

ఇక్కడివాళ్ళకి అది ఊహ కాదు. ఈస్టాడ్‌కి కాస్త ఉత్తరాన షోబో అనే ఊరుంది. మధ్యాహ్నం అక్కడికి బస్సులో వెళ్ళాను. మాంకెల్ యాత్రికులెవరూ రాని చోటు. ఒక పెద్ద వీధి, సూపర్ మార్కెట్, బస్టాండు, తడి పొలాలు. 1988 సెప్టెంబర్‌లో ఈ మునిసిపాలిటీ ఒక ప్రశ్న మీద జనాభిప్రాయ ఓటింగ్ పెట్టింది: మన ఊళ్ళోకి శరణార్థుల్ని రానివ్వాలా? వద్దన్నవాళ్ళే గెలిచారు. నవల అప్పటికి మూడేళ్ళకి వచ్చింది. అదే 1991 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో ఒకడు లేజర్‌తో గురి చూసే తుపాకితో విదేశీయుల్ని వెతికి వెతికి కాల్చడం మొదలుపెట్టాడు. 2022 ఎన్నికల్లో వలసల్ని వ్యతిరేకించే పార్టీ 20 శాతం దాటి ఓట్లతో దేశంలో రెండో పెద్ద పార్టీ అయింది.

బస్టాండులో నా పక్కన ఇద్దరు అఫ్గాన్ కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో స్వీడిష్ వ్యాకరణం పుస్తకం, రెండోవాడు పాఠం అప్పగించుకుంటున్నాడు. తప్పు చెప్పినప్పుడల్లా మొదటివాడు పుస్తకంతో వీపు మీద కొడుతున్నాడు, ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. బస్సు డ్రైవరుకి వాళ్ళు బాగా తెలిసినట్టుంది, ఆవిడ కూడా ఒక ప్రశ్న అడిగి గాని ఎక్కనివ్వలేదు. షోబో గురించి చదివిందే కాకుండా ఇది కూడా చూడగలిగినందుకు సంతోషించాను.

శనివారం, మాల్మో, వంతెన

మాల్మో స్టేషన్ ఎదురుగా కాలవ అవతల సవాయ్ హోటల్ ఉంది. 1970 నాటి బెక్ నవలలో ఒక కోటీశ్వరుడు ఈ హోటల్లోనే, భోజనాల బల్ల దగ్గర లేచి ప్రసంగిస్తుండగా హత్యకు గురవుతాడు. కాల్చినవాడు ఒకప్పుడు ఆయన కంపెనీలోనే పని పోగొట్టుకుని, ఆయన ఇంటినుంచే ఖాళీ చేయించబడినవాడు. చివర్లో బెక్‌కి హంతకుణ్ణి పట్టుకున్న ఆనందం ఏ కోశానా లేదు. ఆ నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే.

తర్వాత స్వీడన్‌నీ డెన్మార్క్‌నీ కలిపే ఓరెసుండ్ వంతెన. 2000 జులై 1న తెరిచారు. వంతెన, కృత్రిమ ద్వీపం, సొరంగం కలిపి దాదాపు 16 కిలోమీటర్లు. 2011లో వచ్చిన "ది బ్రిడ్జ్" టీవీ సీరియల్ చూసినవాళ్ళకి ఈ రైలు ఎక్కగానే ఒక్కటే గుర్తొస్తుంది: సరిగ్గా రెండు దేశాల సరిహద్దు గీత మీద పడున్న శవం. పైసగం స్వీడన్ రాజకీయ నాయకురాలిది, కింది సగం డెన్మార్క్ వేశ్యది. నాయకురాలి కోసం రెండు దేశాల పోలీసులు ఉరుకులు పరుగులు పెడతారు. ఆ రెండో అమ్మాయి తప్పిపోయి ఎన్నాళ్ళయిందో, ఎవరు వెతికారో అడగండి అంటాడు హంతకుడు. వాడు దుర్మార్గుడే, ప్రశ్న మాత్రం సరైనది. ఈ కథని అమెరికా, మెక్సికో సరిహద్దు మీదికీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్ సొరంగంలోకీ తీసుకెళ్ళి మళ్ళీ తీశారు.

2016 జనవరిలో, శరణార్థులు పెద్ద ఎత్తున వచ్చిన తర్వాత, స్వీడన్ వైపు వచ్చే రైళ్ళ ప్రయాణికులకి గుర్తింపు కార్డుల తనిఖీ మొదలైంది. నేను వెళ్ళింది ఎదురు దిక్కు, నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఆదివారం, కోపెన్‌హాగెన్

క్రిస్టియన్స్‌హాన్ కాలవల పేట. ఇక్కడే పీటర్ హోగ్ 1992 నాటి నవల స్మిల్లా కథ మొదలవుతుంది. డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్ పిల్లాడొకడు మంచు పట్టిన గోదాము కప్పు మీంచి పడి చనిపోతాడు. ఆడుకుంటూ పడ్డాడంటారు పోలీసులు. సగం గ్రీన్‌లాండ్ రక్తమున్న స్మిల్లా మంచులో అడుగుల జాడ చూసి, కాదంటుంది. ఆ పిల్లాడికి ఎత్తంటే భయం. అక్కడినుంచి తీగ లాగితే డొంకంతా కదులుతుంది, గ్రీన్‌లాండ్ ఖనిజాల మీద డెన్మార్క్ కంపెనీల లెక్కల దాకా.

కూడలిలో 1938 నాటి గ్రీన్‌లాండ్ స్మారకం ఉంది. ఒక వేటగాడు, ఆడవాళ్ళు, రాతిలో చాలా అందంగా చెక్కారు. దాని చుట్టూ మెట్ల మీద నిజం గ్రీన్‌లాండ్ వాళ్ళు కూర్చుని ఉన్నారు, చేతుల్లో బీరు సీసాలు, ఒకాయన కాళ్ళకి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని. రోజూ ఉంటారట. కొంచెం అవతల 1767 నాటి రాజుగారి గ్రీన్‌లాండ్ వ్యాపార గోదాము ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. తిమింగలం నూనె, తోళ్ళు దిగిన రేవు ఇదే.

1951లో "మంచి డేన్‌లుగా" పెంచుతామని 22 మంది గ్రీన్‌లాండ్ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకొచ్చారు. డెన్మార్క్ దానికి 2020లో క్షమాపణ చెప్పింది. 1960ల చివర్లో వేలమంది గ్రీన్‌లాండ్ ఆడవాళ్ళకి, బడి పిల్లలకి కూడా, చాలామందికి చెప్పకుండానే గర్భనిరోధక లూప్ వేశారు. దానికి క్షమాపణ వచ్చింది 2025లో. స్మిల్లా కోపాన్ని అతి అన్నవాళ్ళు ఈ తేదీలు పక్కన పెట్టుకుని ఆ నవల మళ్ళీ చదవాలి.

డెన్మార్క్‌ని మెచ్చుకోవలసిన సంగతి ఒకటి చెప్పాలి. ప్రభుత్వ టీవీ సంస్థ డీఆర్ తన సీరియళ్ళకి ఒక నియమం పెట్టుకుంది: కథ కింద ఇంకో కథ, సమాజం గురించిన కథ ఉండాలి. 2007లో సారా లుండ్ అనే పోలీసు డిటెక్టివ్ సీరియల్ అలా పుట్టింది. ఒకే ఒక అమ్మాయి హత్య, 20 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కో రోజు. పోలీసులతోపాటు నగరపాలక సంస్థ రాజకీయాలు, చనిపోయిన పిల్ల అమ్మానాన్నల వంటిల్లు కూడా అంతే సేపు చూపించారు. లైబ్రరీలో పుస్తకం ఉంటే రచయితకి డబ్బు ఇచ్చే పద్ధతి ప్రపంచంలో మొదట పెట్టిందీ డెన్మార్కే, 1946లో. తనని నిలదీసే కథలకి తానే ఖర్చు పెట్టే రాజ్యం ఇది. ఈ కథలు ఇంతగా పండడానికి చలి, చీకటి కారణమంటారు. ఈ ఖర్చే అసలు కారణమని నేనంటాను.

సోమవారం, స్ప్రోగో మీదుగా

కోపెన్‌హాగెన్ నుంచి ఓడెన్సే వెళ్ళే రైలు సముద్రం కింద ఎనిమిది కిలోమీటర్ల సొరంగంలో దూరి, ఒక చిన్న దీవి మీద బయటికి వస్తుంది. పేరు స్ప్రోగో. పచ్చిక, లైట్‌హౌస్, రెండు మూడు పాత పసుపుపచ్చ భవనాలు కనిపించేలోపే రైలు మళ్ళీ వంతెన ఎక్కేస్తుంది. ఇది చూడడానికే వచ్చాను.

1923 నుంచి 1961 దాకా ఇక్కడ "నడత చెడ్డ", "బుద్ధి మాంద్యం" ఉన్న అమ్మాయిలని ముద్ర వేసి ఉంచేవారు. చాలామంది చేసిన తప్పల్లా పేదవాళ్ళుగా పుట్టడం, పెళ్ళి కాకుండా ఎవరినో ప్రేమించడం. గడువు ఉండదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషనుకి ఒప్పుకుంటే చాలాసార్లు అదే బయటికి దారి. స్వీడన్‌కి కూడా ఇందులో వంతుంది. అక్కడ 1934 నుంచి 1975 దాకా ఉన్న చట్టాల కింద దాదాపు 63,000 మందికి ఆపరేషన్లు చేశారు. అదీ మంచి ఇంటి పేరు మీదే జరిగింది. యుస్సి ఆడ్లర్ ఓల్సెన్ 2010 నాటి నవలలో స్ప్రోగో నుంచి బయటపడ్డ ఒకావిడ, ఏళ్ళ తర్వాత తనకి అన్యాయం చేసినవాళ్ళని ఒక్కొక్కరినీ ఇంటికి పిలుస్తుంది.

ఎదురు సీట్లో డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ టీచరమ్మ. నా చేతిలో ఇంగ్లిష్ అనువాదం చూసి పలకరించింది. చిన్నప్పుడు సాయంత్రం ఆలస్యంగా ఇంటికొస్తే "స్ప్రోగో పంపించేస్తా" అని వాళ్ళమ్మ బెదిరించేదట. వాళ్ళ ఊరినుంచి ఒకమ్మాయి నిజంగానే వెళ్ళింది, తిరిగొచ్చింది, పిల్లల్లేకుండానే పోయింది. 2023లో డెన్మార్క్ ప్రభుత్వం, 1933 నుంచి 1980 దాకా తన సంరక్షణలో చిత్తవధ అనుభవించినవాళ్ళకి క్షమాపణ చెప్పింది. ఆ రోజు టీవీ చూశారా అని అడిగాను. చూశానంది. అంతకన్నా ముందు, ఆ నవల వచ్చిన ఏడు, వాళ్ళ ఊరి లైబ్రరీలో పుస్తకం కోసం పెద్ద వరస ఉండేదని చెప్పింది. ఆ వరసలోనే మొదటిసారి జనం ఆ అమ్మాయి పేరు పైకి అన్నారట.